రెండు వేళ్ళ ఎత్తు

ఆగస్టు 4, సోమవారం

"నేను చూడకుండా నిన్ను లోపలికి పంపను" అని సామ్యేల్‌కు మాట ఇచ్చింది 1992 మార్చిలో. అదే ఏడు జూన్‌లో ఆ మాట తప్పాను. తప్పాను అనడం కూడా పూర్తిగా సరికాదు. ఆ రోజు మొదటి షిఫ్టుకు ముందు నేను గనిలోకి దిగాను, పైకప్పును కట్టెతో కొట్టి చప్పుడు విన్నాను, రిపోర్టు పుస్తకంలో "సురక్షితం" అని రాశాను. మైనింగ్ సర్దార్ చేయవలసిన పని అంతే. రెండు గంటల తర్వాత కప్పు కూలి, తట్టలోకి చెమ్మసుతో, అంటే పారతో, బొగ్గు ఎత్తుతున్న సామ్యేల్ నడుము మీద పడితే అది కప్పు చేసిన పని. టన్నుల కోసం మమ్మల్ని పరుగెత్తించింది అప్పటి అండర్ మేనేజరు. ఆ పెద్దమనిషి ఇప్పుడు రిటైరయి, కాలేజీ పిల్లలకు విలువల గురించి ఉపన్యాసాలు ఇస్తున్నాడట. ఇవ్వనీ. వినేవాళ్ళకు బొగ్గు సంగతి తెలియదు.

ఇదంతా ఇవాళ గుర్తు రావడానికి కారణం, సామ్యేల్ నా కారు ఎక్కలేకపోయాడు.

అప్పుడు విరిగిన నడుము ముప్పై మూడేళ్ళు ఎట్లాగో లాగింది. ఈ ఎండాకాలం ఎడమకాలు మొద్దుబారింది. జూలైలో వెన్నుకు ఆపరేషన్ అయింది. ఎడమ పాదం వేళ్ళు మళ్ళీ కొద్దికొద్దిగా కదులుతున్నాయి. డాక్టరమ్మ తేల్చి చెప్పింది: వారానికి మూడుసార్లు, రెండు నెలలు, గోదావరిఖని దవాఖానకు వచ్చి యంత్రం మీద ఆ కాలు ఆడించాలి. ఆడిస్తే చేతికర్రతో నడుస్తాడు. లేకపోతే మంచమే. యంత్రం ఇంటికి రాదు. అతను ఉండేది సెంటినరీ కాలనీలో, కూతురు ఫెబా క్వార్టరులో. ఆటోలో రెండుసార్లు వచ్చాడు. మూడోసారి సగం దారిలో "నన్ను ఈన్నే దించుండ్రి, సచ్చిపోత" అని కేకలు పెట్టాడట. అప్పటి నుంచి పోవడం మానేశాడు.

నా కారు ఉంది కదా అన్నాను. పాలకూ పేపరుకూ రోజూ నడిపే కారే. ఎత్తు కారు. కొన్నప్పుడు కావాలనే ఎత్తుది కొన్నాను, బొగ్గు టిప్పర్లు నడిపేవాళ్ళు నన్ను పైనుంచి చూడకూడదని.

సామ్యేల్ కారుకు వీపు పెట్టి ముందు సీటు అంచు మీద కూర్చోవాలి. తర్వాత ఎవరో ఒకరు రెండు కాళ్ళూ పట్టి లోపలికి తిప్పుతారు. అట్లా అయితేనే నడుము మెలిపడదు. కూర్చోబోయాడు. సీటు అందలేదు. వేళ్ళు పెట్టి కొలిచాను. సరిగ్గా రెండు వేళ్ళ ఎత్తు ఎక్కువ. ఆ రెండు వేళ్ళ మేర పైకి లేవాలంటే ఎడమకాలు నేలను తన్నాలి. అది తన్నదు.

"నీ కారు గూడ నీ లెక్కనే ఉన్నది సర్దారూ" అన్నాడు సామ్యేల్, తలుపు పట్టుకుని చెమటలు కారుస్తూ. "ఎవ్వని ముందట వంగదు."

నేను సర్దార్ పని వదిలి ఇన్నేళ్ళయినా అతను నన్ను పేరుతో పిలవడు.

అతని భార్య సుగుణమణి నవ్వలేదు. "ఊకోండ్రి. అన్న మన మంచికే తెచ్చిండు గద" అంది. ఆమె అట్లా అన్నప్పుడల్లా నేను కాళ్ళ కింద నేల చూస్తాను.


ఆగస్టు 5

పీట వేసి చూశాం. పాదం పీట మీద ఉందో గాలిలో ఉందో అతనికి తెలియడం లేదు. దిగేటప్పుడు పక్కకు ఒరిగాడు. ఫెబా పట్టుకోకపోతే పడేవాడే. "అరవై ఆరేండ్లకు పీటలెక్కిస్తున్నవు. మణి ఒప్పుకోవాలె గద" అని అప్పుడు కూడా పరాచికమే.

మనిషిని ఎత్తలేం. కారునే దించాలి.


ఆగస్టు 7

బస్టాండు వెనక ముత్యం షెడ్డుకు వెళ్ళాను. ఈ ఊళ్ళో స్ప్రింగులు, షాకబ్జర్ల పని తెలిసినవాడు అతనొక్కడే. వాళ్ళ నాయన మా గనిలో పనిచేశాడు. విషయం చెప్పగానే పానా కింద పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"కాకా, గీ రోడ్ల మీద అందరు బండి ఎత్తు చెయ్యుమని వస్తరు. దించుమన్న పెద్దమనిషివి నువ్వే మొదలు. స్టయిలుకా?"

"రోజూ నడిపే కారు. రెండు వేళ్ళు దిగాలె. కుదుపు మాత్రం ఇప్పటికన్న తక్కువుండాలె."

"దించుమంటవు, కుదుపు వద్దంటవు. పెండ్లి కావాలె, కర్సు వద్దన్నట్టు."

అయినా చెప్పాడు, ఓపికగానే. ఉన్న స్ప్రింగులను గ్యాసుతో ఒక చుట్టు కోసి దించేవాళ్ళు ఉన్నారట. "నేను కొయ్య. కోసిన స్ప్రింగు గాడిద తన్నినట్టు తంతది. ఒక్కోసారి ఊడి బయటికొస్తది." అట్లా కాకుండా పొట్టిగా తయారు చేసినవే దొరుకుతాయి, పాత షాకబ్జర్ల మీదే కూర్చుంటాయి, కాని దిగేది ఇంత అని ముందే ఖాయం, తర్వాత మార్చుకోలేం. గాలితో నడిచేవి కూడా ఉన్నాయట. మీట నొక్కితే కారు కూర్చుంటుంది, మళ్ళీ నొక్కితే లేస్తుంది. అది వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఆశ పడకు కాకా. మన బొగ్గు దుమ్ముల ఆ పంపు ఆర్నెల్లు ఆగది. నడి తొవ్వల కూసున్నదంటె ఇగ లేవది. పేషెంటును నడిరోడ్డు మీద పెట్టుకోని ఏం చేస్తవు?"

చివరికి మిగిలింది కాయిలోవర్లు. స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన ఒకే సెట్టు. ఒక మర తిప్పితే ఎత్తు మారుతుంది, ఇంకో మర తిప్పితే మెత్తదనం మారుతుంది.

"పేషెంటు అని నేను చెప్పలేదే" అన్నాను.

"సామ్యేల్ కాక కోసమే గద" అన్నాడు ముత్యం, నా ముఖం చూడకుండా చేతులు తుడుచుకుంటూ.

ఈ ఊళ్ళో అందరికీ అన్నీ తెలుసు. ఎంతవరకు తెలుసో అదే తెలియదు.


ఆగస్టు 9

రెండు రోజులుగా చదువుతున్నాను. ఇంట్లో రెండు గోడల నిండా పుస్తకాలున్నాయి. వాటిలో స్ప్రింగుల గురించి లేదు గాని, కొత్త విషయాన్ని పట్టుకునే పద్ధతి ఉంది. ఫోన్లో, పాత ఇంజనీరింగు పాఠ్యపుస్తకంలో దొరికినంతా చదివి బొమ్మలు గీసుకున్నాను. ఎంత మెత్తటి స్ప్రింగు అయితే అంత తక్కువ కుదుపు. ఇందులో వివాదం లేదు. ముత్యం పదో తరగతి తప్పినవాడు, అతని దగ్గర ఉన్నది అలవాటు. నా దగ్గర ఉన్నది కారణం.

సాయంత్రం పార్కులో ఎల్లన్న పదిమంది ముందు అరిచాడు: "రఘుపతీ, డెబ్బై ఏండ్లకు కారుకు లాగు జారగొడుతున్నవట గదనే!" అందరూ నవ్వారు. యూనియన్‌లో ఉన్న రోజుల్లో ఎల్లన్న ఎవరి కడుపు కొట్టి ఎవరి కొడుకును గనిలో పెట్టించాడో రాయాలంటే ఈ నోటుపుస్తకం చాలదు. రాయను. నాకు ఇప్పుడు వేరే పని ఉంది.

సోమవారం రాసింది మళ్ళీ చదివాను. ఒక సవరణ. 1992లో ఆ రోజు లోపలికి వెళ్ళాను గాని చివరిదాకా వెళ్ళలేదు. మధ్యలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. అక్కడిదాకా కప్పు కొట్టి చూశాను, గట్టిగానే పలికింది. ముందు కూడా అట్లాగే ఉంటుంది అనుకున్నాను. ఏ సర్దారైనా అంతే చేసేవాడు.


ఆగస్టు 12

ముత్యంతో గొడవ.

"కాయిలోవర్లు వెయ్యి. ఉన్నదాంట్ల అన్నిటికన్న మెత్తటి స్ప్రింగులు. నలభై అయిదు మిల్లీమీటర్లు దించు" అన్నాను.

"రెండు వేళ్ళంటే ముప్పై అయిదు గద. నలభై అయిదెందుకు?"

"ఎందుకంటే సులువుగ కూసోవాలె."

"మెత్తగ వద్దు కాకా. బండి దించినమంటె స్ప్రింగు ఆడేటందుకు జాగ తక్కువైతది. జాగ తక్కువున్నప్పుడు స్ప్రింగు జెర గట్టిగనే ఉండాలె. మెత్తగుంటె గుంతల పడంగనె మొత్తం వంగిపోయి కింద రబ్బరు దిమ్మకు కొడతది. అది కొట్టిందంటె ఇగ స్ప్రింగు లేనట్టే. దెబ్బ సీద నడుముకే."

"నువ్వు పుట్టకముందు నుంచి నేను పుస్తకాలు చదువుతున్న."

"చదివినవు, కాదన్ననా? నేను గీ గుంతలల్ల నడిపిన."

నేను గీసిన బొమ్మలు చూపించాను. అతను కాగితాన్ని మసి అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకుని, మర్యాదగా తిరిగి ఇచ్చాడు. ఆ మర్యాద నాకు కోపం తెప్పించింది. ఏదో అన్నాను. వాళ్ళ నాయన గురించి కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ముత్యం పానా తీసుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. తర్వాత, "సరే. బండి నీది" అన్నాడు. "ఒక్క మాట మాత్రం నాకియ్యి. సామ్యేల్ కాకను కూసోబెట్టకముందు, నలుగురు మనుషుల బరువుకు సరిపోను ఇసుక బస్తాలేసి, పాత గని మీద రోడ్డు కుంగిన కాడ ఒక్కసారి నడుపు. కింద కొట్టిందంటె మర్లి రా. ఒక్క పూటల సరిచేసి ఇస్త."

ఇచ్చాను. మాటే కదా.


ఆగస్టు 18

సెట్టు వచ్చింది, వేశారు. ఒక్కణ్ణే బజారంతా తిప్పుకొచ్చాను. పడవ మీద పోతున్నట్టుంది. ముత్యం షెడ్డు ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను, చూడాలని. చూశాడు. "బస్తాలు" అని మాత్రం అరిచాడు.


ఆగస్టు 19

నలుగురి బరువుకు ఇసుక బస్తాలు వేసి, కుంగిన రోడ్డు మీద నడిపాను. దిమ్మకు తగలలేదు. బాగుంది.


ఆగస్టు 20

సామ్యేల్‌ను దవాఖానకు తీసుకువెళ్ళి తీసుకువచ్చాను. సులువుగా కూర్చున్నాడు. దారిలో కుదుపు లేదు. నొప్పి అనలేదు. అంతా సురక్షితం.


ఆగస్టు 23, శనివారం

పైన రెండు తేదీల కింద రాసినవి నిజం కాదు.

పంతొమ్మిదిన బస్తాలు వేయలేదు. ఇసుక ఎక్కడ దొరుకుతుందో అడగాలి, నింపాలి, మోయాలి. మబ్బు పట్టింది. ఒక్కణ్ణే నడిపితే మెత్తగా ఉంది కదా అనుకున్నాను. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఆ వరుస రాశాను. ఇరవయ్యో తేదీది కూడా ఆ పొద్దున కారు బయటికి తీయకముందే, చాయ్ తాగుతూ రాశాను.

గనిలో నేర్చుకున్న అలవాటు. లోపల బురద, నీళ్ళు, మసి చేతులు. పుస్తకం పాడవుతుందని, పైన క్యాంటీన్లోనే ఆ షిఫ్టు రిపోర్టు ముందుగా రాసేసేవాళ్ళం. పెద్ద సర్దార్లే మాకు నేర్పారు. ముందు రాయి, తర్వాత వెళ్ళి చూడు, తేడా ఉంటే కొట్టేయి. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆ పుస్తకాలు రాశాను. కొట్టేసిన వరుసలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

జరిగింది రాస్తాను.

కారు క్వార్టరు ముందు ఆపాను. సామ్యేల్ వాకర్ పట్టుకుని వచ్చి, వెనక్కి తిరిగి, కూర్చున్నాడు. అంతే. ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఫెబా అతని కాళ్ళు లోపలికి తిప్పింది. "సర్దారూ, నీ కారు వంగి నాకు దండం పెట్టినట్టున్నది" అన్నాడు. "ముప్పై మూడేండ్లల్ల నువ్వు పెట్టలే. కారన్న పెట్టింది." ఫెబా చప్పట్లు కొట్టింది. సుగుణమణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ ఒక్క నిమిషం నేను మంచివాణ్ణి.

వెనక సీట్లో తల్లీ కూతుళ్ళు, డిక్కీలో వాకర్. నలుగురం ఎక్కేసరికి కారు ఇంకా కిందికి దిగింది. చక్రం పైన వేలు దూరే సందు కూడా మిగలలేదు. చూశాను. చూసి, ఎక్కి కూర్చున్నాను.

కాలనీ దాటేదాకా బాగుంది. సామ్యేల్ కిటికీలోంచి ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు చూస్తూ, "అబ్బ, నెల దినాలల్ల ఇంకో గుట్ట మొలిచిందే" అన్నాడు. రోడ్డు కుంగే చోటు నాకు తెలుసు. ప్రతి వానకూ తొట్టిలాగా దిగుతుంది. ఆ కింద బొగ్గు తీసింది మేమే. మెల్లగా పోవాలి. వెనక టిప్పరు హారన్ మీద హారన్ కొడుతోంది. వెనక టిప్పరు వల్లనే అని రాయబోయాను. కాదు. మెత్తగా దాటి చూపించాలని నాకు ఉబలాటంగా ఉంది. బ్రేకు తొక్కలేదు.

ముందు చక్రాలు దిగాయి. మెత్తగానే దిగాయి. దిగుతూనే ఉన్నాయి. అప్పుడు అడుగున దబ్బుమని కొట్టింది. వెంటనే వెనక కూడా.

సామ్యేల్ అరవలేదు. తలుపు పైన పట్టీ పట్టుకున్న చెయ్యి జారి ఒళ్ళో పడింది. ముఖం బూడిద రంగుకు తిరిగింది. "ఏమైందయ్యా, మాట్లాడు, ఏమైంది" అని సుగుణమణి వెనక నుంచి భుజం పట్టుకుంది. చాలాసేపటికి, "ఏం కాలె, పోనియ్యి" అన్నాడు.

దవాఖానలో యంత్రం మీద పడుకోబెట్టారు. వేళ్ళు కదపమన్నారు. కదలలేదు. అక్కడే చేర్చుకున్నారు.

ఇంకొకటి కూడా రాయాలి. 1992 జూన్ 11. చివరిదాకా వెళ్ళలేదని కదా రాశాను. అసలు వెళ్ళనే లేదు. క్యాంటీన్లో రిపోర్టు రాసి, అదే బల్ల మీద ఒక నవల చదువుతూ కూర్చున్నాను. చివరి అరవై పేజీలు మిగిలాయి. అవి అయ్యాక వెళ్దామనుకున్నాను. పేజీలు అయిపోకముందే సైరన్ మోగింది.

ఆ నవల తర్వాత పూర్తి చేశాను. ఇది కూడా రాయాలి.


ఆగస్టు 24

మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ సుగుణమణే ఎత్తింది. "పండుకున్నడు అన్నా."


ఆగస్టు 26

ఇవాళ వార్డుకు వెళ్ళాను. డాక్టరమ్మ వచ్చిన సమయానికి నేను మంచం దగ్గర నిలబడి ఉన్నాను. పెద్ద డాక్టరు కాదు, ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించింది. లోపల వాచింది, నరం నలిగింది. ఆరు వారాలు కదలకూడదు. ఆ తర్వాత కూడా వేళ్ళు కదులుతాయని ఆమె మాట ఇవ్వలేదు.

"వచ్చే దారిలో గట్టి కుదుపు ఏమైనా తగిలిందా? నిజం చెప్పండి. దాన్ని బట్టి మందు మారుతుంది."

నేను నోరు తెరిచాను. తెరిచాననే నా నమ్మకం.

"లేదు డాక్టరమ్మా" అన్నాడు సామ్యేల్. "సారు నిండు బిందె తీస్కపోయినట్టు తీస్కపోయిండు. ఆ పొద్దుగాల నేనే బాత్రూముల జారిన."

డాక్టరమ్మ సుగుణమణి వైపు తిరిగింది. ఇట్లాంటి మనిషిని ఒంటరిగా బాత్రూముకు పంపుతారా, మీకు చదువు లేదా, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఉండి ఏం చేస్తున్నారు, అంది. సుగుణమణి ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. తలవంచుకుని, "తప్పైంది మేడం" అంది. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

1992లో కూడా ఇట్లాగే. విచారణకు వచ్చిన అధికారులు దవాఖాన మంచం దగ్గరికే వచ్చారు. సర్దార్ లోపలికి వచ్చి కప్పు కొట్టి చూశాడా అని సామ్యేల్‌ను అడిగారు. "వచ్చిండు సారు. కట్టెతోని కొట్టి చూసిండు. తరువాతనే మేం పోయినం" అన్నాడు. కాగితం మీద రాసుకున్నారు. నేనప్పుడూ గోడకే ఆనుకుని ఉన్నాను. రెండేళ్ళకు నాకు ప్రమోషన్ వచ్చింది.


ఆగస్టు 30

చదవలేకపోతున్నాను. పుస్తకం తెరిస్తే వరుసలు రిపోర్టులా కనిపిస్తున్నాయి.


సెప్టెంబరు 3

కారు ముత్యం దగ్గరికి తీసుకెళ్ళాను.

"బస్తాలేసి నడిపినవా కాకా?"

"నడిపిన."

ఎందుకన్నానో తెలియదు. నోరు దానంతట అదే అంది. ముత్యం కారు కింద దూరి, చాలాసేపు అక్కడే ఉన్నాడు. బయటికి వచ్చినప్పుడు చేతిలో రబ్బరు దిమ్మ ఉంది. నడిమధ్యలో చీలిపోయింది. దాన్ని నా చేతిలో పెట్టి, "సరే" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే తిరిగి అనడానికి నాకు ఏదో ఒకటి దొరికేది.

గట్టి స్ప్రింగులు తెప్పించి వేశాడు. దించినదాన్ని నలభై అయిదు నుంచి ముప్పై అయిదుకు తగ్గించి కారును పైకి లేపాడు. తర్వాత షెడ్డు వెనక ఇసుక చూపించాడు. బస్తాలు నేనే నింపాను, నేనే మోశాను. సాయం రాబోతే వద్దన్నాను. డెబ్బై ఏళ్ళ నడుము ఏమంటుందో తెలిసింది. కుంగిన రోడ్డు మీద నాలుగుసార్లు నడిపించాడు, పక్కన తను కూర్చుని. గుంత తెలుస్తోంది, కాని అడుగున కొట్టడం లేదు. ఒకసారి ఊగి, వెంటనే నిలబడుతోంది.

"ఇగో, ఇది సుకం" అన్నాడు ముత్యం. "మెత్తగున్నది సుకం గాదు కాకా. ఆగుడు తెలిసింది సుకం."

పదిహేను రోజుల ముందు ఒక పూట పని ఇది.


సెప్టెంబరు 9, మంగళవారం

సామ్యేల్‌ను నిన్న ఇంటికి పంపారు. మధ్యాహ్నం వెళ్ళాను. ముందుగదిలో మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. కాళ్ళ మీద దుప్పటి. ఎడమ పాదం బయట ఉంది. దాన్ని చూడకూడదనుకుంటూనే చూశాను.

"చూడు, చూడు. పైసలు తీసుకోను" అన్నాడు. "నిన్నటి సంది నేను గూడ దాన్నే చూస్తున్న. ఒకల్ల మొఖం ఒకలం చూసుకుంట కూసున్నం, నేను, అది."

కారు సరి చేయించానని చెప్పాను. ఇసుక బస్తాలు నేనే మోశానని చెప్పాను. ఏదో బహుమతి అడుగుతున్నట్టుగా ఉంది నా గొంతు. తర్వాత, ముప్పై మూడేళ్ళలో మొదటిసారి, అడిగాను.

"అబద్ధమెందుకు చెప్పినవు?"

"ఎప్పుడు? మొన్ననా, ఎనకనా?"

"రెండుసార్లు."

"మొన్నటిది ఏం లేదు, అలవాటు" అన్నాడు. కప్పు వైపే చూస్తున్నాడు. "ఎనకటిదా... ఆ సార్లు అడిగినప్పుడు నిన్ను చూసిన. గోడకు నిలవడ్డవు. మొఖం సున్నం లెక్క ఉన్నది. నువ్వు లోపలికి రాలేదని నాకు తెల్వదా? కట్టె చప్పుడు వినకుండ నేను ఏనాడన్న లోపటికి పోయిన్నా? ఆ ఒక్కనాడే పోయిన, నువ్వు మాటిచ్చినవని. సరే, నిజం చెప్త అనుకున్న. చెప్తె ఏమైతది? నీ నౌకరి పోతది. ఊరిడిసి పోతవు. యాడనో ఇంకో పని దొరుకుతది, చదువుకున్నోనివి. అయిదేండ్లకు మర్చిపోతవు. అనుభవిచ్చినం గద, చెల్లుకు చెల్లు అనుకుంటవు."

"చెప్పకపోతె?"

"చెప్పకపోతె మా వాకిట్లకు వస్తనే ఉంటవు."

నేను అతని దుప్పటి అంచు సరిచేశాను.

"వస్తివా లేదా? ముప్పై మూడేండ్లు వస్తివి. ఎండల వస్తివి, వానల వస్తివి. పిల్లకు లెక్కలు చెప్తివి. మందులు తెస్తివి. ఆఖర్కి ఆ కారు గూడ కిందికి దించుకోని వస్తివి." నవ్వాడు. నవ్వుతో నడుము పట్టేసినట్టుంది, పళ్ళు కరుచుకుని ఆగాడు, మళ్ళీ నవ్వాడు. "ఏ కోర్టు ఏస్తది సర్దారూ గింత శిక్ష?"

అది పరాచికమా, కాదా, నాకు ఇప్పటికీ తెలియదు. అతని కళ్ళు చూశాను. అందులో ప్రేమ ఉంది. అదొక్కటే కాదు, ఇంకేదో కూడా ఉంది.

వంటింట్లోంచి సుగుణమణి, "నవ్వొద్దన్నరు గద డాక్టరమ్మ" అని కేక వేసింది. గాజుల చప్పుడు ఆగింది. కొంచెం ఆగి, "అన్నా, చాయ్ పోస్తున్న, పోకు" అంది. మా మాటలన్నీ వినబడే ఉంటాయి, గొంతులో ఆశ్చర్యం లేదు; ఆమెకు కూడా తెలుసన్నమాట. అన్నేళ్ళుగా తెలిసే చాయ్ పోసింది.

తాగాను. చక్కెర సరిగ్గా నాకు కావలసినంతే ఉంది.

బయల్దేరుతుంటే సామ్యేల్ పిలిచాడు. "వచ్చే నెల ఆరు వారాలు నిండుతయి. దవాఖానకు నువ్వే తీస్కపోవాలె. వేళ్ళు కదిలినా, కదలకున్నా. ఇంకొకల్ల బండి నేనెక్క."

వస్తానన్నాను. రాకుండా ఉండగలనా.

ఇంటికి వచ్చి కారులోనే చాలాసేపు కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అండర్ మేనేజరును తిట్టుకున్నాను. ఎల్లన్నను తిట్టుకున్నాను. మొన్నటిదాకా ముత్యాన్ని కూడా, ఎందుకు నా మాట విన్నావని, లోలోపల తిట్టుకున్నాను. వాళ్ళెవరూ కాదు. తప్పు చేసింది నేను. కానీ తప్పు చేసినవాడికి శిక్ష పడితే, ఏడాదో రెండేళ్ళో తలదించుకుని, ఏదో ఒక రోజు తలెత్తుతాడు. ఆ రోజు నాకు లేకుండా చేసినవాడు ఒకడున్నాడు. సిగ్గుతో చితికిపోయి కూడా అతణ్ణి క్షమించలేకపోతున్నాను. నడుము విరిగి మంచం మీద పడుకుని, నిజం అడిగినవాళ్ళ ముందు నన్ను శిక్ష లేకుండా వదిలేసినవాణ్ణి. సామ్యేల్‌ను.